బ్లూటూత్ 5.4 ఉంటే చాలా? ఫోన్ ఎంచుకునేముందు చూడాల్సిన ప్రొఫైళ్లు, కోడెక్‌లు, మిగతా వైర్‌లెస్ సంగతులు

రెండు ఫోన్ల మధ్య తేల్చుకోలేక వాటి స్పెసిఫికేషన్ల పేజీలు పక్కపక్కన పెట్టుకున్నారనుకుందాం. ఒకదాంట్లో 'బ్లూటూత్ 5.4' అని ఉంది, అంతే. రెండోదాంట్లో 'బ్లూటూత్ 5.2, ఏ2డీపీ, ఎల్‌ఈ, ఆప్ట్‌ఎక్స్ హెచ్‌డీ, ఎల్‌డ్యాక్' అని ఉంది. అంకె పెద్దదని మొదటిదానివైపు మొగ్గేవాళ్లే ఎక్కువ. కానీ మంచి హెడ్‌ఫోన్స్‌తో పాటలు వినేవాళ్లకు రెండోదే పనికొచ్చే అవకాశం ఎక్కువ. ఈ విషయంలో వెర్షన్ అంకెది పేరు గొప్ప, ఊరు దిబ్బ వ్యవహారం. అసలు కథంతా ఆ అంకె తర్వాత రాసే చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొన్నిసార్లు అవి రాయనే రాయరు.

ముందు తేల్చుకోవాల్సినవి

ఫోన్‌ని దేనికి కలుపుతారన్నది మొదటి ప్రశ్న. ఇయర్‌బడ్స్‌కా, కారుకా, వాచీకా, వినికిడి యంత్రానికా? ఒక్కో పరికరం ఒక్కో ప్రొఫైల్ అడుగుతుంది. ప్రొఫైల్ అంటే ఫలానా పనిని ఫలానా పద్ధతిలో చేద్దామని రెండు పరికరాలు ముందే కుదుర్చుకున్న ఒప్పందం. కోడెక్ అంటే శబ్దాన్ని కుదించి పంపి, అవతల మళ్లీ విప్పుకునే పద్ధతి. ఎస్‌బీసీ, ఏఏసీ, ఆప్ట్‌ఎక్స్, ఎల్‌డ్యాక్ అలాంటివే.

ఒక చేత్తో చప్పట్లు మోగవు కాబట్టి రెండో ప్రశ్న, అవతలి పరికరంలో కూడా అది ఉందా అని. ఎల్‌డ్యాక్ ఉన్న ఫోన్‌ని ఎస్‌బీసీ, ఏఏసీ మాత్రమే తెలిసిన బడ్స్‌కి కలిపితే వచ్చేది ఏఏసీయే. ఫోన్‌లో ఉన్న గొప్ప కోడెక్ అక్కడ ఊరికే పడుంటుంది. ఇప్పటికే ఖరీదైన హెడ్‌ఫోన్స్ ఉన్నవాళ్లు ముందు వాటి మాన్యువల్ చూసి, ఆ తర్వాత దానికి తగ్గ ఫోన్ వెతకాలి.

మూడోది, వినడమేనా, మాట్లాడటం కూడా ఉందా? బ్లూటూత్‌లో ఈ రెండూ వేర్వేరు దారులు. చాలామంది ఇబ్బంది పడేది ఇక్కడే. నాలుగోది ఆలస్యం. పాటలకి పావు సెకను ఆలస్యమైనా ఎవరికీ తెలియదు. ఆటల్లో మాత్రం తుపాకీ పేలిన తర్వాత చప్పుడు వినబడుతుంది.

వెర్షన్ అంకె ఏం చెబుతుంది, ఏం చెప్పదు

2016 డిసెంబరులో 5.0 వచ్చినప్పుడు 'రెట్టింపు వేగం, నాలుగింతల దూరం' అని ఊదరగొట్టారు. ఆ రెండూ తక్కువ కరెంటుతో నడిచే ఎల్‌ఈ భాగానివి. పైగా రెండూ ఒకేసారి రావు. వేగం కావాలంటే ఒక మోడ్, దూరం కావాలంటే ఇంకో మోడ్. మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌కి పాట వెళ్లే దారి 2004 నాటి ఈడీఆర్ పద్ధతే. అందుకే 4.2 ఫోన్ నుంచి 5.3 ఫోన్‌కి మారినా, అవే బడ్స్ వాడితే పాటలో తేడా వినిపించకపోవడం మామూలే.

2020లో వచ్చిన 5.2 నిజంగా ముఖ్యమైన మలుపు. ఎల్‌ఈ దారిలోనే శబ్దాన్ని పంపే కొత్త పద్ధతి ఎల్‌ఈ ఆడియోకి పునాది అందులోనే పడింది. 2024లో వచ్చిన 6.0 రెండు పరికరాల మధ్య దూరాన్ని కచ్చితంగా కొలిచే చానల్ సౌండింగ్ తెచ్చింది. చిక్కేమిటంటే వీటిలో చాలావరకు ఐచ్ఛికం. 5.4 అని రాసుకున్న ఫోన్‌లో ఎల్‌ఈ ఆడియో లేకపోయినా అది నిబంధన తప్పినట్టు కాదు. కాబట్టి రెండు ఫోన్లను పోల్చేటప్పుడు అంకెను చివర్లో చూడండి.

ఏ ప్రొఫైల్ ఏం చేస్తుంది

| ప్రొఫైల్ | పని | లేకపోతే, లేదా ఆఫ్‌లో ఉంటే కనిపించే లక్షణం |
|---|---|---|
| ఏ2డీపీ | పాటలు, వీడియోల స్టీరియో శబ్దం | కనెక్ట్ అయినట్టు చూపిస్తుంది, కాల్స్ కూడా వస్తాయి, పాట మాత్రం ఫోన్ స్పీకర్‌లోనే మోగుతుంది |
| హెచ్‌ఎఫ్‌పీ | కాల్ ఎత్తడం, మాట్లాడటం, పెట్టేయడం | పాటలు బాగుంటాయి, కాల్ ఎత్తగానే మాట ఫోన్‌కి వెళ్లిపోతుంది |
| ఏవీఆర్‌సీపీ | ప్లే, పాజ్, తర్వాతి పాట, పాట పేరు, వాల్యూమ్ | బడ్స్ మీద తడితే పలకదు, కారు తెర మీద పాట పేరు రాదు |
| పీబీఏపీ | కాంటాక్టులు, కాల్ జాబితా కారుకి ఇవ్వడం | పేరు బదులు ఉత్త నంబరు కనిపిస్తుంది |
| ఎంఏపీ | మెసేజ్‌లు కారుకి చేరవేయడం | కారు మెసేజ్ చదవదు |
| హెచ్‌ఐడీ | కీబోర్డు, మౌస్, గేమ్‌ప్యాడ్ | కనెక్ట్ అయినా టైప్ కాదు |
| పాన్ | ఫోన్ నెట్‌ని బ్లూటూత్ మీద పంచుకోవడం | ల్యాప్‌టాప్‌కి నెట్ అందదు |
| ఓపీపీ | ఫొటో, ఫైలు నేరుగా పంపడం | 'పంపలేకపోయాం' అని వస్తుంది |
| గ్యాట్ | వాచీ, గుండెవేగం పట్టీ, సెన్సర్ల డేటా | వాచీ యాప్ పరికరాన్ని పట్టుకోదు |

పై మూడూ దాదాపు ప్రతి ఫోన్‌లోనూ ఉంటాయి, వాటికోసం వెతకక్కర్లేదు. ఒక్క తేడా గుర్తుపెట్టుకోవాలి. ఐఫోన్‌లో ఓపీపీ లేదు, కాబట్టి పాత పద్ధతిలో బ్లూటూత్ మీద ఫైలు పంపడం, తీసుకోవడం దానితో కుదరదు.

ఆండ్రాయిడ్‌లో కనెక్ట్ అయిన పరికరం పక్కనున్న గేర్ గుర్తు నొక్కితే ఫోన్ కాల్స్, మీడియా ఆడియో, కాంటాక్టుల షేరింగ్ లాంటి స్విచ్‌లు కనిపిస్తాయి. అవి ఈ ప్రొఫైళ్లే, పేర్లు మార్చుకుని కూర్చున్నాయి. 'బ్లూటూత్ పాడైంది' అనుకున్న సందర్భాల్లో ముందు చూడాల్సిన చోటు ఇదే.

వినడం: కోడెక్‌ల లెక్క

| కోడెక్ | బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా), కేబీపీఎస్‌లో | ఎక్కడ ఉంటుంది |
|---|---|---|
| ఎస్‌బీసీ | సాధారణంగా 328 వరకు | ఏ2డీపీ ఉన్న ప్రతి పరికరంలో, తప్పనిసరి |
| ఏఏసీ | 256 చుట్టుపక్కల | ఐఫోన్లు, దాదాపు అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు |
| ఆప్ట్‌ఎక్స్ | 352 | ఎక్కువగా క్వాల్‌కామ్ చిప్ ఉన్న ఫోన్లు |
| ఆప్ట్‌ఎక్స్ హెచ్‌డీ | 576 | పైదాని లాగే |
| ఎల్‌డ్యాక్ | 330, 660, 990 | ఆండ్రాయిడ్ 8 నుంచి చాలా ఫోన్లు |

బడ్స్‌కి పాటలు పంపడానికి ఐఫోన్‌కి మామూలు దారిలో తెలిసినవి ఎస్‌బీసీ, ఏఏసీ రెండే. ఐఫోన్ వాడేవాళ్లు ఎల్‌డ్యాక్ ముద్ర చూసి హెడ్‌ఫోన్స్‌కి ఎక్కువ పెట్టడం దండగ. ఏఏసీ బాగా చేసే హెడ్‌ఫోన్స్ చూసుకుంటే చాలు. ఆండ్రాయిడ్‌లో ఏఏసీ నాణ్యత ఫోన్‌ని బట్టి మారుతుంది. ఆ పనిచేసే ఎన్‌కోడర్ అన్ని ఫోన్లలో ఒకటి కాదు కాబట్టి, ఒక ఫోన్‌లో బాగున్న బడ్స్ ఇంకో ఫోన్‌లో కాస్త మసకగా వినిపించవచ్చు.

ఎల్‌డ్యాక్ దగ్గర 990 చూసి మురిసిపోనక్కర్లేదు. అంత డేటా గాలిలో పోవాలంటే దారి ఖాళీగా ఉండాలి. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లోనే వైఫై, మైక్రోవేవ్ ఓవెన్, వైర్‌లెస్ మౌస్‌లు కూడా తిరుగుతుంటాయి. రద్దీగా ఉన్న రైలు ప్లాట్‌ఫామ్ మీద 990లో పెడితే పాట ముక్కలుముక్కలుగా వస్తుంది. ఆటోమేటిక్‌లో వదిలేస్తే దారిని బట్టి అదే తగ్గించుకుంటుంది. ఇంట్లో, ఫోన్ ఎదురుగా బల్ల మీద ఉన్నప్పుడు 990 సరే. బయట 660 మీద నిలకడగా నడిస్తే అదే పదివేలు. ఇంకో సంగతి, నీరు ఈ తరంగాలను మింగేస్తుంది, మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే. ఫోన్ ప్యాంటు వెనక జేబులో పెట్టుకుంటే పాట తెగడానికి కారణం చాలాసార్లు అదే. సిగ్నల్ అందుకునే బడ్ ఏ చెవిలో ఉందో ఆ వైపు ముందు జేబులోకి ఫోన్ మార్చి చూడండి.

ఆలస్యం సంగతికొస్తే, ఎస్‌బీసీ, ఏఏసీలతో బడ్స్‌ని బట్టి 150 నుంచి 250 మిల్లీసెకన్లు పడటం మామూలు. వీడియో యాప్‌లు బొమ్మను కూడా అంతే ఆలస్యం చేసి పెదాలూ మాటలూ కలుపుతాయి. ఆటలకు ఆ అవకాశం లేదు, మీరు నొక్కిన క్షణమే బొమ్మ కదలాలి కదా. బడ్స్‌లో ఉండే 'గేమ్ మోడ్' చాలావాటిలో బఫర్ తగ్గించి ఆలస్యం తగ్గిస్తుంది, బదులుగా తెగడం పెరుగుతుంది. టైప్‌సీలో గుచ్చే సొంత 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్ (సిగ్నల్ పంపే చిన్న ముక్క)తో వచ్చే హెడ్‌సెట్లు దీనికి మెరుగు. అవి బ్లూటూత్‌ని పక్కనబెట్టి సొంత దారిలో పంపుతాయి. ఫోన్‌లో పియానో యాప్ వాయించేవాళ్లకు మాత్రం వైరే దిక్కు.

మాట్లాడటం: అందరూ పడే గుంట

మంచి హెడ్‌ఫోన్స్‌తో ఆట ఆడుతున్నారు, శబ్దం విశాలంగా, బరువుగా వస్తోంది. స్నేహితులతో మాట్లాడదామని వాయిస్ చాట్ మైక్ నొక్కారు. ఒక చిన్న టిక్, అర సెకను నిశ్శబ్దం. ఆ తర్వాత వచ్చేది పాత ల్యాండ్‌లైన్ రిసీవర్‌లోంచి వచ్చే శబ్దం. కుడి ఎడమ తేడా పోయింది, బేస్ పోయింది. మైక్ ఆపగానే మళ్లీ టిక్, మళ్లీ బాగైపోయింది.

హెడ్‌ఫోన్స్ బాగానే ఉన్నాయి. ఏ2డీపీ ఒకవైపు దారి, శబ్దం ఫోన్ నుంచి చెవికి వెళ్లడమే తప్ప మైక్ మాట వెనక్కి తెచ్చే ఏర్పాటు అందులో లేదు. మైక్ కావాలనగానే ఫోన్ ఏ2డీపీని ఆపి హెచ్‌ఎఫ్‌పీకి మారుతుంది. అందులో రెండువైపులా మాట వెళుతుంది, కానీ మోనోలో, తక్కువ నాణ్యతతో. పాత సీవీఎస్‌డీ కోడెక్ అయితే 8 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్, ఈ అంకె పెరిగేకొద్దీ మాట స్పష్టంగా వినిపిస్తుంది. హెచ్‌ఎఫ్‌పీ 1.6 నుంచి వచ్చిన ఎంఎస్‌బీసీ అయితే 16 కిలోహెర్ట్జ్. 1.9లో ఎల్‌సీ3 అనే కొత్త కోడెక్ మీద 32 కిలోహెర్ట్జ్ వరకు వచ్చింది. ఫోన్, హెడ్‌సెట్ రెండింటిలోనూ 1.9 ఉంటే తేడా మొదటి మాటలోనే తెలుస్తుంది. రోజంతా కాల్స్‌లో ఉండేవాళ్లు ఎల్‌డ్యాక్ కోసం కాదు, దీనికోసం వెతకాలి. ఎల్‌డ్యాక్ 990 ఉన్నా కాల్‌లో దాని పాత్ర సున్నా.

ఇప్పుడున్న సామానుతోనే గట్టెక్కాలంటే, ఆట సెట్టింగుల్లో ఫోన్ మైక్‌ని ఎంచుకునే వీలుందేమో చూడండి. ఉంటే శబ్దం ఏ2డీపీలోనే ఉండిపోతుంది. పరికరం పేజీలో 'ఫోన్ కాల్స్' స్విచ్ ఆపేయడం ఇంకో దారి. అయితే అప్పుడు మామూలు కాల్స్ కూడా హెడ్‌ఫోన్స్‌కి రావు, ఫోన్‌ని చెవి దగ్గర పెట్టుకోవాల్సిందే.

ఎల్‌ఈ ఆడియో కోసం ఆగాలా?

ఈ గుంటను పూడ్చడానికి వచ్చిందే ఎల్‌ఈ ఆడియో. దీని ప్రమాణాలన్నీ 2022లో పూర్తయ్యాయి, ఆండ్రాయిడ్ 13 నుంచి వ్యవస్థలోనే మద్దతు ఉంది. వినడం, మాట్లాడటం రెండూ ఒకే దారిలో, ఎల్‌సీ3 కోడెక్‌తో నడుస్తాయి. మైక్ తెరిచినా శబ్దం అంతగా కూలిపోదు. పాత పద్ధతిలో చాలా బడ్స్‌లో ఒక బడ్ అందుకుని రెండోదానికి అందించేది. ఇందులో రెండు చెవులకూ వేర్వేరుగా, ఒకే తాళంలో పంపవచ్చు. తక్కువ బిట్‌రేట్‌లోనూ ఎల్‌సీ3 ఎస్‌బీసీ కంటే మెరుగ్గా వినిపిస్తుంది, అంటే బ్యాటరీ ఆదా.

ఒకే ఫోన్ లేదా టీవీ శబ్దాన్ని ఎంతమందైనా వినగలిగే ఆరాకాస్ట్ కూడా దీనిలో భాగమే. టీవీ శబ్దం నేరుగా తన వినికిడి యంత్రంలో వినాలనుకునే పెద్దవాళ్లకు ఇది నిజంగా పెద్ద సౌకర్యం.

మరి ఇప్పుడే దీనికోసం ఫోన్ మార్చాలా? వినికిడి యంత్రం వాడేవాళ్లయితే, యంత్రం ఏ పద్ధతిది అన్నదాన్ని బట్టి ఫోన్ ఎంచుకోవాలి, వాళ్లకు మిగతావన్నీ తర్వాతే. ఆపిల్ కోసం చేసిన ఎంఎఫ్ఐ యంత్రానికి ఐఫోన్, ఆండ్రాయిడ్ కోసం వచ్చిన ఆశా పద్ధతి యంత్రానికి దాన్ని సపోర్ట్ చేసే ఆండ్రాయిడ్ ఫోన్, ఎల్‌ఈ ఆడియో యంత్రానికి ఆ మద్దతు ఉన్న ఫోన్. కొనేముందు యంత్రం తయారీదారు ఇచ్చే ఫోన్ల జాబితాలో మోడల్ నంబరుతో సహా సరిచూసుకోవాలి. మిగతావాళ్లు ఎలాగూ కొత్త ఫోన్, కొత్త బడ్స్ కొంటుంటే రెండింటిలోనూ ఉండేలా చూసుకోండి. దీనికోసమే బాగున్న ఫోన్‌ని పక్కన పడేయక్కర్లేదు. ఎల్‌ఈ ఆడియో ఆన్ చేస్తే కొన్ని బడ్స్‌లో ఎల్‌డ్యాక్ గానీ, ఒకేసారి రెండు పరికరాలకు కలిసే మల్టీపాయింట్ గానీ ఆగిపోతాయి. ఒకటి తీసుకుని ఒకటి ఇచ్చే బేరం ఇది.

కారు కోసం చూసేవాళ్లకు

కారులో కోడెక్ కంటే పీబీఏపీ, ఎంఏపీ, ఏవీఆర్‌సీపీలే రోజూ చికాకు పెడతాయి. మొదటిసారి జత చేసేటప్పుడు 'కాంటాక్టులు, కాల్ చరిత్ర చూడనివ్వాలా' అని ఫోన్ ఒక ప్రశ్న వేస్తుంది. తొందరలో దాన్ని పక్కకు తోసేస్తారు. ఆ తర్వాత కారు తెర మీద అమ్మ కాల్ కూడా పది అంకెల నంబరుగానే వస్తుంది. ఆండ్రాయిడ్‌లో కారు పేరు పక్కన గేర్‌లో కాంటాక్టుల షేరింగ్, ఐఫోన్‌లో 'ఐ' గుర్తు లోపల సింక్ కాంటాక్ట్స్ ఆన్ చేస్తే సరిపోతుంది.

పాట పేరు రాకపోవడం, పాత పాట పేరే అతుక్కుపోవడం చాలాసార్లు ఏవీఆర్‌సీపీ వెర్షన్ల గొడవ. ఆండ్రాయిడ్ డెవలపర్ ఆప్షన్స్‌లో దాని వెర్షన్ మార్చే వీలుంటుంది. కొత్తదాని నుంచి ఒక మెట్టు కిందికి దించి, బ్లూటూత్ ఆపి మళ్లీ వేసి చూడండి. వాల్యూమ్ ఒక్క గీత పెంచితే చెవులు చిల్లులు పడేంత పెరిగినా, పూర్తిగా పెట్టినా నీరసంగా ఉన్నా అక్కడే 'డిజేబుల్ అబ్సల్యూట్ వాల్యూమ్' పనికొస్తుంది.

ఎంతకీ కలవకపోతే జత తుడిచి మళ్లీ చేయండి, కానీ రెండు వైపులా తుడవాలి. ఫోన్‌లో మాత్రమే తుడిస్తే కారు పాత తాళంచెవినే పట్టుకుని ఉంటుంది, తలుపు తెరుచుకోదు.

ఫోన్ యాప్‌లను కారు తెర మీద చూపించే ఆండ్రాయిడ్ ఆటోని వైర్ లేకుండా వాడితే, అందులో బ్లూటూత్‌ది పరిచయం చేసి తప్పుకునే పాత్ర. తెర మీద బొమ్మ, శబ్దం వచ్చేది 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద. 2.4 మాత్రమే ఉన్న చవక ఫోన్‌తో అది జరగదు. ఆండ్రాయిడ్ 11, ఆపైన ఉందో లేదో కూడా చూసుకోవాలి.

వాచీ, కీబోర్డు, ఫైళ్లు

వాచీకి ఏ ఫోనైనా సరిపోతుంది, అడ్డుపడేది బ్లూటూత్ కాదు, బ్యాటరీ ఆదా. వెనక నడిచే వాచీ యాప్‌ని ఫోన్ నిద్రపుచ్చితే నోటిఫికేషన్లు ఆగిపోతాయి. ఆ యాప్‌కి బ్యాటరీ పరిమితి తీసేయండి. యాప్ అసలు వాచీనే కనిపెట్టకపోతే, ఆండ్రాయిడ్ 11 వరకు లొకేషన్ ఆన్‌లో ఉండాలి, 12 నుంచి 'నియర్‌బై డివైసెస్' అనుమతి ఇవ్వాలి. కీబోర్డులు ఎక్కడైనా పనిచేస్తాయి.

ఫైళ్లకి మాత్రం బ్లూటూత్ వద్దు. ఈడీఆర్ వేగం కాగితం మీద 3 ఎంబీపీఎస్, చేతికొచ్చేది 2 చుట్టుపక్కల. 1 జీబీ వీడియో అంటే 8000 మెగాబిట్లు, అంటే 4000 సెకన్లు, గంట దాటుతుంది. క్విక్ షేర్, ఎయిర్‌డ్రాప్ పక్క ఫోన్‌ని బ్లూటూత్‌తో కనిపెట్టి, ఫైలుని వైఫై మీద పంపుతాయి. 5 గిగాహెర్ట్జ్ ఉన్న రెండు ఫోన్ల మధ్య అదే వీడియో నిమిషం లోపే చేరుతుంది. కాబట్టి ఫైళ్లు ఎక్కువ పంపేవాళ్లు పోల్చాల్సింది రెండు ఫోన్ల వైఫైని.

ఆ వైఫైలో కూడా 5 గిగాహెర్ట్జ్ ఉండటం అన్నిటికంటే ముఖ్యం. వైఫై 6, 7 ఆ తర్వాతి మాట. ఫోన్‌లో వైఫై, బ్లూటూత్ తరచుగా ఒకే చిప్‌లో ఉంటాయి, ఒకే యాంటెన్నా పంచుకుంటాయి. 2.4 మీద డౌన్‌లోడ్ నడుస్తుంటే పాట తడబడేది అందుకే. వైఫైని 5కి మార్చగానే చాలామందికి ఆ బాధ తీరిపోతుంది. ఎన్‌ఎఫ్‌సీ కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే పనిచేస్తుంది, ఫోన్ తాకించి డబ్బు కట్టే అలవాటుంటే కావాలి, లేకపోతే వదిలేయొచ్చు. దగ్గరి వస్తువు దూరం, దిశ కచ్చితంగా కనిపెట్టే రేడియో యూడబ్ల్యూబీ మాత్రం డిజిటల్ కారు తాళాలు, పోయిన వస్తువుల ట్యాగ్‌లు వాడేవాళ్లకే.

ఎవరికి ఏది

| మీ వాడకం | ముందు చూడాల్సింది | పట్టించుకోనక్కర్లేనిది |
|---|---|---|
| పాటలే లోకం, ఆండ్రాయిడ్ | హెడ్‌ఫోన్స్‌తో కలిసే కోడెక్ | వెర్షన్ అంకె |
| రోజంతా కాల్స్ | హెచ్‌ఎఫ్‌పీ 1.9 లేదా ఎల్‌ఈ ఆడియో | ఎల్‌డ్యాక్ |
| ఆటలు | ఎల్‌ఈ ఆడియో లేదా డాంగిల్ హెడ్‌సెట్ | ఎక్కువ బిట్‌రేట్ |
| కారు | 5 గిగాహెర్ట్జ్ వైఫై, పీబీఏపీ, ఎంఏపీ | కోడెక్‌లు |
| వినికిడి యంత్రం | యంత్రం తయారీదారు జాబితా | మిగతావన్నీ |

ఫోన్ చేతిలో ఉండగానే చూసేయండి

మీ బడ్స్ వెంట తీసుకెళ్లండి. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోకి వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. కొన్ని ఫోన్లలో బిల్డ్ నంబర్ ఇంకో మెట్టు లోపల ఉంటుంది. బడ్స్ కనెక్ట్ చేసి, పాట పెట్టి, అందులో 'బ్లూటూత్ ఆడియో కోడెక్' తెరవండి. జాబితాలో ఉన్నవి ఫోన్‌కి తెలిసినవి, మసకగా ఉన్నవి మీ బడ్స్‌కి తెలియనివి, టిక్ ఉన్నది ఇప్పుడు నడుస్తున్నది. తర్వాత బడ్స్ పక్కనున్న గేర్ నొక్కి ఎల్‌ఈ ఆడియో స్విచ్ ఉందేమో చూడండి. అది కనిపించాలంటే బడ్స్‌లో కూడా ఆ సౌకర్యం ఉండాలి, కాబట్టి పాత బడ్స్‌తో చూసి ఫోన్‌లో లేదని తేల్చేయకండి. చివరగా అక్కడి నుంచే ఎవరికైనా ఒక కాల్ చేసి, ఫోన్ వెనక జేబులో పెట్టుకుని నాలుగడుగులు నడుస్తూ మాట్లాడండి. మీ మాట ఎలా వినబడుతోందో అవతలివాళ్లనే అడగండి.